వేడి దొంగ

"దొంగ! పట్టపగలు నా వేడి దోచుకుపోతున్నాడు!"

లెక్చరరు కిటికీ రెక్క ధడాలున మూశాడు. బయట మంచు దట్టంగా ఉంది. కింది వాటా ముసలాయన కట్టెల మోపు భుజాన వేసుకుని తన తలుపు తీస్తున్నాడు. ఒకప్పుడు వడ్రంగి. చేతులు ఊరుకోక ఇప్పటికీ చెక్కముక్కలు మోసుకొస్తూనే ఉంటాడు.

"మెల్లగా అండీ. పాప ఇప్పుడే పడుకుంది" అంది భార్య.

నెల తిరగని పాప. నేలమీద పరుపులో వెచ్చగా నిద్రపోతోంది. ఊపిరితిత్తులు ఇంకా బలపడలేదు, చలి తగిలిందో ప్రమాదమని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది. అందుకే లెక్చరరు పాత హీటరును స్వయంగా విప్పి, స్వయంగా బిగించాడు. మెకానిక్కును గడప తొక్కనివ్వలేదు. ఉష్ణగతిశాస్త్రం పాఠం చెప్పేవాడికి హీటరు బాగుచెయ్యడం ఓ లెక్కా? ఎర్రలైటు వెలిగింది. ఫ్యాను తిరిగింది.

"చూశావా, నా చెయ్యి పడ్డాక కరెంటు కూడా సగమే తాగుతోంది!" అని మురిసిపోయాడు.

భార్య ఏదో చెప్పబోయింది. "సైన్సు నీకు తెలుసా, నాకు తెలుసా?" అన్నాడు. ఆమె పాపకు ఇంకో దుప్పటి కప్పింది.

కాలేజీలో పిల్లలు ఆయనకు పెట్టిన పేరు 'రెండో సూత్రం'. వేడి ఎప్పుడూ వేడిగా ఉన్న చోటి నుంచి చల్లగా ఉన్న చోటికే పోతుందని చెప్పే సూత్రం అది. ఆయన కోపమూ అంతే. ఎక్కడో రాజుకుని, చల్లగా కూర్చున్నవాళ్ళ మీదికి పారుతుంది. ఈ చలికాలం అది కింది వాటా మీదికి పారుతోంది.

ఊరికే అనడం లేదు, ఆయన దగ్గర సాక్ష్యాలున్నాయి. కింది వాటా మీటరు నత్తనడక నడుస్తోంది. అంటే అక్కడ హీటరు లేదు. అయినా ముసలాయన గడ్డకట్టే చలిలో ఒంటిమీద బనీనుతో తిరుగుతాడు. పై ఇంటి నేల చెక్కది. దాని సందుల్లోంచి వేడి కిందికి దిగిపోతోంది. ఆ నేల వెచ్చగా తగలడమే రుజువు. దొంగసొత్తు దారిలో దొరికినట్టే! పిల్లి కూడా హీటరు దగ్గరికి పోకుండా నేల మధ్యన వెల్లకిలా పడుకుంటుంది. దానికి సైన్సు తెలియదని దాన్నీ తిట్టాడు.

ఓరోజు మెట్ల దగ్గర ముసలాయన ఎదురుపడ్డాడు. ముఖమంతా చెమటలు.

"ఏమయ్యా పెద్దమనిషీ, చలికాలంలో ఆ చెమటలేమిటి?"

"అంతా మీ చలవే మాస్టారూ! మీ మూలంగా ఉడికి చస్తున్నా. కంటిమీద కునుకు లేదు!" అని కసిరి తలుపు మూసుకున్నాడు ముసలాయన.

లెక్చరరు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. "విన్నావా? వాడే ఒప్పుకున్నాడు! నువ్వేమో ఆ మనిషికి రోజూ చెంబుతో చల్లటి నీళ్ళు తీసుకెళ్ళి ఇస్తావు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు!"

భార్య చెంబు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఆదివారం థర్మోకోల్ అట్టలు తెచ్చాడు. నేలంతా అంగుళం వదలకుండా పరిచి, పైన తివాచీ వెయ్యడం మొదలుపెట్టాడు.

"వద్దండీ. నా మాట వినండి. నేల మూసెయ్యకండి" అంది భార్య.

"ఏం? ఎందుకు మూయకూడదు?"

ఆమె వంగి అట్ట అంచు పట్టుకుంది. ఆయన కళ్ళెర్రజేసేసరికి వదిలేసింది.

"నీ బిడ్డ వేడి వాడెవడో ఎగరేసుకుపోతుంటే నీకు చీమ కుట్టినట్టయినా లేదు!" అన్నాడాయన.

సాయంత్రానికి కిటికీ అద్దానికి లోపలి నుంచే మంచు పట్టింది. పిల్లి మంచమెక్కి దుప్పట్లో దూరింది. పాప ఏడుపు అందుకుంది. అరికాళ్ళు ముట్టుకుంటే మంచుగడ్డలు. పెదవులు నీలం తిరుగుతున్నాయి. లెక్చరరు ఒక్క గెంతులో లేచాడు. హీటరు మీట చివరిదాకా తిప్పాడు. ఎర్రలైటు ధగధగా వెలుగుతోంది, ఫ్యాను హోరెత్తిపోతోంది. గది మాత్రం ఇంకా చల్లబడుతోంది.

"నేల మూస్తే గోడల్లోంచి లాగుతున్నాడు! వీడి అంతు తేలుస్తా!"

"ముందా అట్టలు తీసెయ్యండి!" భార్య అరిచింది. పెళ్ళయ్యాక ఆమె అరవడం అదే మొదటిసారి. అప్పటికే ఆయన సగం మెట్లు దిగేశాడు.

కింది వాటా తలుపు దబదబా బాదాడు. తలుపు తెరుచుకోగానే వేడి ముఖానికి ఈడ్చి కొట్టింది. గది మధ్యలో పెద్ద ఇనప పొయ్యి ఎర్రగా కాలుతోంది. దాని పొగగొట్టం పైకప్పును రాసుకుంటూ పోయి గోడలోంచి బయటికి వెళ్ళింది. చేతిలో కట్టెతో, తడిసి ముద్దయిన బనీనుతో ముసలాయన నిలబడి ఉన్నాడు.

లెక్చరరుకు ఒళ్ళు మండిపోయింది. "ఇంత పొయ్యి పెట్టుకుని కూడా నా వేడి కావాలా నీకు? పైన నా బిడ్డ గడ్డకట్టుకుపోతోంది, తెలుసా?"

పైన పరపరా థర్మోకోల్ చింపుతున్న చప్పుడు.

ముసలాయన చేతిలో కట్టె నేలకేసి కొట్టాడు.

"నువ్వు బాగుచేసిన రోజు నుంచీ నీ హీటర్లో ఎర్రలైటూ ఫ్యానూ తప్ప ఏదీ పనిచెయ్యట్లేదని నీకు చెప్పే ధైర్యం లేక మీ ఆవిడ నా గుమ్మంలో నిలబడి ఏడిస్తేనేనయ్యా, నీ బిడ్డ కోసం నేనీ పొయ్యి రాత్రింబవళ్ళు మండిస్తున్నా!"