నూట పన్నెండో పేజీ దర్జీ

“నూట పన్నెండో పేజీ తియ్యండి,” అన్నాడు ప్రొఫెసర్, రెండు పుస్తకాలనూ ప్రచురణకర్త బల్ల మీద ఠపీమని పడేస్తూ.

ఒకటి ఆయనది. ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ఆ పుస్తకం ఇరవై ఏళ్లుగా ప్రతి లైబ్రరీలోనూ ఉంది. రెండోది పోయిన నెల ఇదే ప్రచురణకర్త వేసింది. దాని మీద పేరున్న మనిషి ఎదురు కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. ఒకప్పుడు ప్రొఫెసర్ దగ్గర ఎనిమిదేళ్లు అసిస్టెంటుగా చేసింది. యాభై రెండేళ్లకి తన పేరు అచ్చులో చూసుకోవడం ఆమెకిదే మొదలు. ఇవాళ ఇక్కడ ఓడిపోతే ఆ పుస్తకం తుక్కు కింద పోతుంది.

“‘బటన్’ అన్న మాట ఎక్కడిదట? చదవండి.”

ప్రచురణకర్త కళ్లజోడు సర్దుకున్నాడు. “బటోన్ అనే దర్జీ పేరు మీద వచ్చిందట. రెంటిలోనూ ఇదే ఉంది.”

“అలాంటి దర్జీ భూమ్మీద పుట్టనే లేదు! కాపీరాయుళ్లు దొరుకుతారని కావాలనే కల్పించి పెట్టాను. ఎర వేశాను, చేప పడింది.”

“‘బటన్’ అంటే పాత ఫ్రెంచిలో మొగ్గ,” అంది ఆమె.

“మరి తెలిసే దర్జీ అని రాశావా?”

“మీ పుస్తకం టైపిస్టుకిచ్చి మొత్తం ఎక్కించమన్నాను. తిరిగి చదవలేదు. చదవాల్సిన పని లేదనుకున్నాను.”

ప్రచురణకర్తకి చిర్రెత్తుకొచ్చింది. “అంటే కాపీ కొట్టానని మీ నోటితో మీరే చెప్తున్నారా మేడమ్?”

“అవును. ఆఫీసు గదిలో మాటల వివరాలు రాసిపెట్టిన కార్డులన్నీ సార్ తగలబెట్టకపోతే ఆయన పుస్తకం ముట్టుకునేదాన్నే కాదు.”

“ఆఫీసు చెత్త. నా ఇష్టం,” అన్నాడు ప్రొఫెసర్. “జీతమిచ్చి పోషిస్తే తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు. సిగ్గుండాలి!”

ఆమె ముఖం ఎర్రబడింది. “సిగ్గు సంగతి తర్వాత. ‘విండో’ ఎక్కడిది సార్?”

ప్రొఫెసర్ చెయ్యి తన పుస్తకం మీదికి వెళ్లింది. రెండు పేజీలు తిప్పి ఠక్కున మూసేశాడు. “ఆరు వందల మాటలు నోటికి ఎవడికుంటాయి?”

“గాలి కన్ను. నార్స్ భాషలోంచి వచ్చింది. కండని ‘మజిల్’ అంటామే, అది లాటిన్‌లో చిట్టెలుక. ‘డెయిజీ’ పువ్వంటే పగటి కన్ను. ఇంకా చెప్పనా?”

“చూశారా, దొంగిలించిన సొత్తు ఎంత శుభ్రంగా బట్టీ పట్టిందో!”

ప్రచురణకర్తకి ఇంక వినే ఓపిక లేదు. గోడౌనుకి ఫోన్ చేసి, ఆమె పుస్తకాల కట్టలన్నీ తుక్కుకి వేసెయ్యమన్నాడు. ఇక వాదించి లాభం లేదనుకుంది ఆమె. సాక్ష్యం లేని మాటకి విలువేముంటుంది? కుర్చీ వెనక్కి నెట్టి, తలుపు కూడా వెయ్యకుండా వెళ్లిపోయింది.

“పీడ వదిలింది,” అన్నాడు ప్రచురణకర్త. “ఏమాటకామాటే సార్, ఆ దర్జీని మాత్రం భలే పుట్టించారు. నిజంగా మీరే రాశారా?”

“అక్షరం అక్షరం నేనే,” అన్నాడు ప్రొఫెసర్ గర్వంగా.

తన పేరుతో ఉన్న ఆ పుస్తకంలో ఆయన స్వయంగా రాసింది అదొక్కటే.