నేలకు పోసిన బీరు

గ్లాసు చేతికి అందగానే ముసలాయన సగం బీరు నేల మీద పోశాడు.

నున్నటి గ్రానైట్ మీద ఎర్రటి బీరు నురగలు కక్కుతూ కుర్చీల కిందికి పారింది. కౌంటరు దగ్గరున్న తిరుమల గుడ్డ పట్టుకుని పరుగెత్తాడు. రోజూ ఇదే తంతు.

లోపల ట్యాంకుల దగ్గర నుంచి కావ్య చూసింది. ఒళ్లు మండిపోయింది.

హనుమకొండలో ఈ చిన్న బ్రూవరీ పెట్టింది ఆమె తమ్ముడు రాకేష్. బీరు కాచేది వాడు, మిగతా వ్యవహారమంతా చూసుకునేది ఆమె. వాడి ఎర్ర బీరంటే జనం పడి చచ్చేవారు. నాలుక మీద పడగానే కాల్చిన రొట్టె కమ్మదనం, దాని వెనకాలే వేపపువ్వంత చేదు. మింగేశాక గొంతులో ఒక తీపి వాసన చాలాసేపు నిలిచేది. అది దేని వాసనో వాడు అక్కకు కూడా చెప్పలేదు. అడిగితే నవ్వేసి, బండి తీసి ఎటో వెళ్లి, సంచి నింపుకుని వచ్చేవాడు.

అలా వెళ్లినప్పుడే ఒకసారి పాలంపేట దారిలో బండి జారింది. ఎవరో ట్రాలీ ఆటోలో ఆసుపత్రికి తెచ్చి దించారట. పోలీసు కేసుకు భయపడ్డారో ఏమో, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు. కావ్య చేరుకునేసరికి తమ్ముడు లేడు.

అప్పటి నుంచి ఆమెకు ఒకటే బెంగ. దారిలో వాడికి స్పృహ ఉందా? దాహం అన్నాడా? అక్కా అని పిలిచాడా? తెచ్చిన మనిషి దొరికితే కాళ్లు పట్టుకునైనా అడగాలనుకుంది. ఆ దారి వెంట ఊళ్లన్నీ తిరిగింది. కేసు భయానికి ఎవరూ నోరు విప్పలేదు.

తమ్ముడి కొలతలతోనే బీరు కాస్తోంది. కమ్మదనం వచ్చింది, చేదు వచ్చింది. ఆ చివరి తీపి మాత్రం ఎంత తన్నుకున్నా రాలేదు.

అది చాలదన్నట్టు, ఈమధ్య మధ్యాహ్నాలు గజ్జె చప్పుడు వినబడుతోంది.

రాకేష్ తాళంచెవుల గుత్తికి ఒక ఇత్తడి గజ్జె ఉండేది. వాడి కన్నా ముందు దాని చప్పుడే లోపలికి వచ్చేది. ఆ గుత్తి ప్రమాదంలోనే పోయింది. తర్వాత స్టోరు గది తాళం పగలగొట్టించాల్సి వచ్చింది. అయినా ట్యాంకుల మధ్య నిలబడితే హాలు వైపు నుంచి సన్నగా గల్లుమంటుంది. పరుగెత్తుకెళ్తే, అక్కడ తాగేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు.

"గ్లాసుల చప్పుడక్కా అది," అనేవాడు తిరుమల, జాలిగా.

ముసలాయన ఎవరో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం షట్టరు ఎత్తగానే వచ్చేవాడు. మెడలో తువ్వాల, చంకలో మాసిన సంచి. గోడవార బల్ల దగ్గర కూర్చుని, సంచిని కాళ్ల దగ్గరికి జరుపుకుని, ఎర్ర బీరే అడిగేవాడు. కావ్య అటు వస్తే చాలు, "జర కూసో బిడ్డా, ఒక్క మాట," అనేవాడు.

తాగినవాళ్ల ఒక్క మాట ఎంత పొడుగుంటుందో ఆమెకు బాగా తెలుసు. పని ఉందని తప్పించుకునేది.

ఆ రోజు మాత్రం నేరుగా వెళ్లి ఆయన ముందు నిలబడింది.

"తాతా, తాగితే తాగు. కిందెందుకు పోస్తానవ్? ఇదేమన్న కల్లు దుకాణమా?"

"సాక పోసిన బిడ్డా."

పోయినవాళ్లను తలుచుకుని తొలి గుక్క నేలకు వదలడం ఈ వైపు పల్లెల్లో ఆనవాయితీ. కావ్యకు తెలియనిది కాదు.

"ఎవలికి?"

"ఓ పిలగానికి."

"నీ పిలగాడైతే నీ ఇంటికాడ పోసుకో. మా తమ్ముడు ఏరికోరి ఏయించిన బండలు. ఖరాబ్ చెయ్యకు."

ముసలాయన ఏదో చెప్పబోయాడు. చుట్టూ బల్లల వాళ్లంతా అటే చూస్తున్నారు. ఏమనుకున్నాడో, రెండు చేతులూ జోడించి, మిగిలిన బీరు ముట్టకుండానే లేచి వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు.

విచిత్రంగా గజ్జె చప్పుడు కూడా ఆ రోజుతోనే ఆగిపోయింది. పీడ వదిలిందని కావ్య అనుకోలేకపోయింది. తమ్ముడు రెండోసారి చనిపోయినట్టు ఏడుపు వచ్చింది. మధ్యాహ్నమైతే పని ఆపేసి ట్యాంకుల మధ్య ఊరికే నిలబడేది. ధర్మసాగర్ చెరువు నీళ్లు పైపుల్లో పారుతున్న చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు.

వానలు పడ్డాక ఒక పొద్దున స్టోరు గది కడిగిస్తోంది. తిరుమల మూలనున్న సంచిని బయటికి లాగాడు.

గల్లుమంది.

కావ్య చేతిలోని నీళ్ల గొట్టం జారిపోయింది.

"అది ఎవలిది?"

"ఆ సాక తాతదక్కా. మీరు కోపం చేసిన్నాడు బల్ల కిందనే ఇడిసిపోయిండు. మళ్ల అస్తడేమోనని ఈడ పెట్టిన."

ఆమె సంచి మూతి విప్పింది. గుప్పున వాసన కొట్టింది. ఎండిన ఇప్పపూలు. మింగేశాక గొంతులో నిలిచే తీపి ఇదే.

పూల అడుగున చేతికి చల్లగా తగిలింది. బయటికి తీసింది. తాళంచెవుల గుత్తి, దానికి ఇత్తడి గజ్జె.

"తాత పేరేంది తిరుమలా? ఏ ఊరు?"

"తెల్వదక్కా. ఎన్నడు అడగలే."

కావ్య గుత్తిని గుప్పిట్లో బిగించి హాల్లోకి నడిచింది. గోడవార బల్ల దగ్గర, ఆ ఖాళీ కుర్చీకి ఎదురుగా కూలబడింది.

ఊరూరా తాను వెతికిన మనిషి, తమ్ముణ్ణి ఆసుపత్రికి మోసుకొచ్చిన మనిషి, జర కూసో బిడ్డా అని తనను రోజూ బతిమాలింది ఈ బల్ల దగ్గరే.