తిమ్మక్కకు రెక్కలు

"సౌందర్యా, ఈ గేమ్ సీరియల్ రాసేది నువ్వేనా?"

అత్త తిమ్మక్క ఫోన్ చూపించగానే సౌందర్య చేతిలో గరిటె ఆగిపోయింది. మారుపేరుతో ఆమె రాస్తున్న కథలో, గేమ్ లోకంలో చిక్కుకున్న అమ్మాయి ఒక కోట దాటాలి. అడ్డు నిలిచిన రాక్షసి నోట అన్నీ అత్త తిట్లే.

"ఎట్ల తెలిసింది అత్తమ్మా?"

"ఆ తిట్లు హోసూరులో ఇంకెవరికి వస్తాయి! వచ్చే వారం రాక్షసిని చంపేస్తావా?"

"చంపాలనే అనుకున్నాను," సౌందర్య గరిటె పక్కన పెట్టింది.

"వద్దమ్మా. కోట దాటితే డ్రాగన్లు ఉండాయి కదా. ఆ పిల్ల ఒక్కతే ఆడికి ఎట్ల పోతుంది? నేనూ పోతాను."

సౌందర్య అత్తను గట్టిగా వాటేసుకుంది. "అయితే నీకు రెక్కలు పెడతాను!"

తిమ్మక్క వంటింట్లోనే రెండు చేతులూ బార్లా చాపి చూసుకుంది.

"ఎర్రవి పెట్టమ్మా!"