పాడేవాళ్ల వరస

కుర్చీ మీద తన పేరు చూడగానే రంగనాథ్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

కెనడాలోని మిస్సిసాగాలో అతను పనిచేసే జపాన్ కంపెనీ కార్ల విడిభాగాలు తయారుచేస్తుంది. మార్చి ఆఖరుతో వాళ్ల లెక్కల సంవత్సరం ముగుస్తుంది. ఈసారి దానితోపాటు కొందరి ఉద్యోగాలు కూడా ముగుస్తాయని నెల రోజులుగా గుసగుసలు. ఎవరివో తెలిసినవాళ్లు చెప్పడం లేదు. శుక్రవారం వీడ్కోలు సభ. లంచ్ రూములో ముందు వరస కుర్చీలకు సోమవారమే పేర్ల కార్డులు అంటించారు. వాటికి ఎదురుగా ఏడుగురు నిలబడి జపాన్ పాట సాధన చేస్తున్నారు. రంగనాథ్ గుమ్మంలో కనబడేసరికి పాట ఆపేశారు.

కారులో కూర్చుని భార్యకు ఫోన్ చేశాడు.

“ముందు వరసలోనా? పేరు రాసి మరీ పెట్టారా?” అంది సూర్యకుమారి.

“పెద్ద అక్షరాలతో.”

“అయితే మీ పని అయిపోయినట్టేనండీ.”

“యాభై ఎనిమిదేళ్లొచ్చాయి. ఇప్పుడు రెజ్యూమె పట్టుకుని ఎవడి దగ్గరికి వెళ్లను?”

సూర్యకుమారి కాసేపు ఆలోచించింది. మన సభల్లో కుర్చీలో కూర్చున్నవాడికి శాలువా కప్పుతారు, అతను వెళ్లిపోతాడు. నిలబడి పాడినవాడు మర్నాడు మామూలుగా ఆఫీసుకి వస్తాడు. ఇందులో ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు.

“మీరు కూర్చోకండి. ఎలాగోలా ఆ పాడేవాళ్లలో దూరండి,” అంది.

మర్నాడు పొద్దున్నే రంగనాథ్ మేనేజరు మోరిటా గదికి వెళ్లాడు.

“సార్, నేనూ ఆ పాట పాడతాను.”

మోరిటా పెన్ను కింద పెట్టాడు.

“అది ఏం పాటో తెలుసా?”

“వసంతం గురించనుకుంటా.”

“చెర్రీ పూలు రాలుతుంటాయి. స్నేహితులు విడిపోతారు. ముందు కొత్త దారి ఉంటుంది.” మోరిటా కిటికీ వైపు చూశాడు. బయట పార్కింగ్ లాటులో మంచు ఇంకా కుప్పలుగానే ఉంది. “బాగా ఆలోచించే అడుగుతున్నారా?”

“రాత్రంతా ఆలోచించాను సార్.”

“ఇంట్లో చెప్పారా?”

“మా ఆవిడే పంపింది.”

మోరిటా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఏడుగురికే చోటు. మీరొస్తే ఒకరిని అక్కడి నుంచి మార్చాలి.”

ఆ ఒకరు ఎవరో అడగాలనుకున్నాడు రంగనాథ్. అయినా నోరు తన పని తాను చేసుకుపోయింది. “మార్చండి సార్.”

మోరిటా సొరుగులోంచి నాలుగు పేజీల ఫారం తీసి, చదివి సంతకం పెట్టమన్నాడు. ఈ కంపెనీలో కుర్చీ జరపాలన్నా ఫారం నింపాలి కాబట్టి రంగనాథ్ ఆశ్చర్యపోలేదు. మనసు మారేలోపు పని పూర్తి కావాలని చదవకుండానే గబగబా నాలుగు చోట్లా సంతకాలు చేసేశాడు. మోరిటా లేచి, బట్టతల నడినెత్తి కనిపించేంత కిందికి వంగి దండం పెట్టాడు.

“మీ భార్యకు కూడా నా నమస్కారాలు చెప్పండి,” అన్నాడు.

మధ్యాహ్నం సాధనకు వెళితే వరసలో రాధిక లేదు. క్వాలిటీ సెక్షన్‌లో పనిచేసే పిల్ల, నిన్న ఈ చివర్నే నిలబడి పాడింది. రంగనాథ్ వెనక్కి తిరిగి చూశాడు. ముందు వరసలో తన కుర్చీకి ఇప్పుడు రాధిక పేరున్న కార్డు అంటించి ఉంది.

ఇంటికెళ్లి అన్నం కలిపాడు కానీ ముద్ద దిగలేదు.

“ఆ అమ్మాయికి ఇద్దరు పిల్లలు. చిన్నవాడు ఇంకా డేకేర్‌లో ఉన్నాడు.”

“మీరేమైనా ఆమెని తీసెయ్యమన్నారా?” అంది సూర్యకుమారి.

“మార్చమన్నాను.”

సూర్యకుమారి మజ్జిగ పోసింది. వెళ్లి మోరిటాతో నిజం చెప్పేద్దామని రంగనాథ్ బుధవారం అనుకున్నాడు, గురువారం కూడా అనుకున్నాడు. రెండుసార్లూ మోరిటా గది దాకా వెళ్లి నీళ్లు తాగి వచ్చాడు. అంతకన్నా ధైర్యం తన దగ్గర లేదని అతనికి తెలిసిపోయింది. సిగ్గేసింది.

పాట మాత్రం నేర్చుకున్నాడు. పక్కన నిలబడే మధుసూదన్ ఆ జపాన్ మాటలను తెలుగు అక్షరాల్లో రాసిచ్చాడు. కాగితం అందిస్తూ, “మీది చాలా పెద్ద మనసండీ,” అన్నాడు.

రాధిక సంగతి తెలిసి దెప్పుతున్నాడనుకున్నాడు రంగనాథ్. తల దించుకుని కాగితం జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం హాలు నిండిపోయింది. ముందు వరసలో రాధిక టిష్యూ పెట్టి కళ్లు తుడుచుకుంటోంది. రంగనాథ్ కనబడగానే రెండు చేతులూ ఎత్తి నమస్కారం చేసింది. శపించినా బాగుండేదనిపించింది అతనికి.

పాట మొదలైంది. మొదటి చరణం తప్పు చేసినవాడిలా పాడాడు. రెండో చరణానికి వచ్చేసరికి, సోమవారం పొద్దున తన టేబుల్ ముందు తను ఉంటానన్న మాట గుర్తొచ్చి గొంతు దానంతటదే లేచింది. మూడో చరణంలో అతని గొంతు మిగతా ఆరుగురినీ మించిపోయింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

మోరిటా మైకు అందుకున్నాడు.

“నేను చదివిన బళ్లో మార్చి నెలలో వెళ్లిపోయేవాళ్లే నిలబడి పాడేవాళ్లు, ఉండిపోయేవాళ్లు కూర్చుని వినేవాళ్లు, ఇక్కడా అదే పద్ధతి పెట్టాను, కానీ ఇద్దరు పిల్లల తల్లికి తన కుర్చీ ఇచ్చేసి, అడిగి మరీ పాడేవాళ్ల వరసలోకి వచ్చినవాణ్ని నా సర్వీసులో ఈ రంగనాథ్‌ని ఒక్కణ్నే చూశాను.”