ఎడమ మలుపు

"ఆగండాగండి! మళ్ళీ ఒరిగిపోయారు!"

గుర్రపుస్వారీ నేర్పే మాస్టారి కేకకు కంచె మీది కాకులు లేచిపోయాయి. నర్సమ్మ పగ్గాలు బిగించి గుర్రాన్ని ఆపింది. కుడి మలుపులో నిటారుగా కూర్చునే మనిషి, ఎడమ మలుపు రాగానే బావిలోకి తొంగిచూసినట్టు గుర్రం మెడ మీదికి వంగిపోతోంది. పొద్దుటి నుంచి ఇది ఏడోసారి.

"నెల రోజులుగా మొత్తుకుంటున్నానమ్మా! భుజాలు సమంగా ఉండాలి, చూపు వెళ్ళే దారి మీద ఉండాలి, బరువు రెండు కాళ్ళ కింది రికాబుల మీదా పడాలి. అసలు ఆ చెవి దగ్గర మీకేం పని?"

నర్సమ్మ చూపు తిప్పుకుని గుర్రం జూలు సర్దింది.

"ఇంకాసేపట్లో గుర్రాల డాక్టరుగారు వస్తారు. మీ ఒరుగుడికి దొరగారు తడబడ్డారనుకోండి, లోపం గుర్రానిదేనని రాసేస్తారు. ఆ డాక్టరు సంగతి తెలుసుగా?"

దొరగారంటే గుర్రమే. ముసలితనం వచ్చినా ఠీవి తగ్గలేదు, బతిమాలందే అడుగు కదపదు, అందుకని అందరూ అలాగే పిలుస్తారు. డాక్టరు 'పనికిరాదు' అని రాస్తే మాత్రం ఎంత దొరగారైనా ఆ సాయంత్రమే లారీ ఎక్కాల్సిందే. పోయిన నెల ఒక ఆడగుర్రం అలాగే వెళ్ళిపోయింది. ఎక్కడికని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

నర్సమ్మ ఇక దాచలేకపోయింది. కిందికి దిగి గొంతు తగ్గించింది.

"మాస్టారూ, దొరగారికి ఎడమ కన్ను కనబడదు. ఆస్పత్రిలో నర్సుగా ఇలాంటి కళ్ళు ఎన్ని చూశాను, నాకు తెలీదా? అటు తిరగాలంటే హడలిపోతున్నారు. అందుకే చెవిలో చెబుతున్నా, 'తిరగండి దొరా, నేనున్నాగా' అని."

మాస్టారు గుర్రం ఎడమ కంటి ముందు చెయ్యి ఆడించారు. రెప్ప కదల్లేదు. ఇరవై ఏళ్ళు తన చేతుల మీదుగా పెరిగిన గుర్రం. ఆయన దాని మెడ నిమిరారు.

"పిచ్చితల్లీ, మీరు వంగితే మీ బరువంతా ఆ కనబడని వైపే పడుతుంది. అసలే భయపడుతున్నవాణ్ణి గోతివైపు తోసినట్టు కాదూ? చెప్పాల్సింది నోటితో కాదు, కాలితో. నిటారుగా కూర్చుని ఎడమ పిక్క మెత్తగా ఆనించండి చాలు. ఆ పక్కన మనిషి ఉందని దానికి తెలుస్తుంది."

"మరి డాక్టరుగారికి చెబుతారా?"

"చచ్చినా చెప్పను. మీరూ నోరు మెదపకండి."

నర్సమ్మ మళ్ళీ ఎక్కింది. మలుపు దగ్గరకొచ్చేసరికి నడుము వంగబోయింది. పళ్ళ బిగువున ఆపుకుని, తల ఎత్తి, ఎడమ పిక్క ఆనించింది. దొరగారు ఒక్క క్షణం ఆలోచించారు. తర్వాత ఏ బెదురూ లేకుండా, పెళ్ళికొడుకులా హుందాగా తిరిగారు.

"భేష్!" అంది ఒక కొత్త గొంతు. డాక్టరుగారు ఎప్పుడొచ్చారో, కంచెకు ఆనుకుని నిలబడి ఉన్నారు.

నర్సమ్మ గబగబా కిందికి దిగి పగ్గాలు పట్టుకుంది. ఆయన లోపలికొచ్చి, నవ్వన్నది లేకుండా పళ్ళు చూశారు, గిట్టలు చూశారు, గుండె చప్పుడు విన్నారు.

"ఎప్పుడూ ఎక్కేది ఈవిడేనా?"

"అవునండీ" అన్నారు మాస్టారు.

"ఇకమీదట కూడా ఈవిడే ఎక్కాలి. ఇంకెవరూ ఎక్కకూడదు. అలాగని రాస్తున్నా. ఇక కళ్ళు చూద్దాం."

కుడి కంటి ముందు చెయ్యి ఆడించారు. దొరగారు రెప్ప వేశారు. కాగితం మీద ఒక గీత పడింది. డాక్టరుగారు ఎడమవైపు నడిచారు. మాస్టారు ఆకాశం కేసి చూశారు, నర్సమ్మ కళ్ళు మూసుకుంది.

ఎంతకీ మాట వినబడకపోయేసరికి ఆమె భయం భయంగా కళ్ళు తెరిచింది. డాక్టరుగారు గుర్రం చుట్టూ తిరిగొచ్చి, వచ్చే నవ్వు ఆపుకుంటూ మళ్ళీ ఆ కుడి కంటి ముందే చెయ్యి ఆడిస్తూ, "ఎడమ కన్ను కూడా శుభ్రంగా ఉంది" అని రాసుకుంటున్నారు.