తెలిసిన గొంతు

“అమ్మమ్మగారూ, కాస్త ఆపండి. మీ పాటకు పక్క తొట్టెలో పాప కూడా లేచేలా ఉంది,” అంది నర్సు.

అమ్మమ్మ నోటికి తాళం పడింది. ఒళ్ళో చంటిది మాత్రం ఆపలేదు. అది మామూలు ఏడుపు కాదు. గుడ్డ చించుతున్నట్టు సన్నగా, పదునుగా, ఊపిరి తిప్పుకోకుండా సాగే ఏడుపు. కాళ్ళూ చేతులూ కర్రల్లా బిగుసుకున్నాయి. గడ్డం గజగజ వణుకుతోంది. పాలపీక నోట్లో పెడితే రెండు గుక్కలు ఆత్రంగా లాగి, ఉమ్మేస్తోంది.

తల్లి కడుపుతో ఉండగా మింగిన మత్తు మాత్రలు, బొడ్డు కోయగానే పాపకు అందకుండా పోయాయి. ఆ మత్తు కోసమే ఈ పిడికెడు ప్రాణం కొట్టుకుంటోందని డాక్టరు చెప్పినప్పుడు అమ్మమ్మకు సగమే అర్థమైంది. మిగతా సగం ఒళ్ళో పెట్టుకున్నాక అర్థమైంది.

ఇరుగుపొరుగు పిల్లల్ని కూడా ఇట్టే నిద్రపుచ్చిన చేతులు ఆమెవి. ఇక్కడ ఆ విద్యలేవీ చెల్లలేదు. ఊపకూడదు. తట్టకూడదు. కళ్ళలోకి చూసి ముద్దులాడకూడదు.

“మాటలున్న పాట వద్దమ్మా,” అంది పాటల టీచరు. ఇలాంటి పసివాళ్ళను సంగీతంతో నెమ్మదింపజేయడమే ఆమె ఉద్యోగం కాబట్టి వార్డంతా ఆమెను అలాగే పిలుస్తుంది. “ఒక్కటే స్వరం, బాగా కిందిస్థాయిలో. ముందు దాని ఊపిరితో కలిసి మొదలుపెట్టండి. తర్వాత మెల్లగా వేగం తగ్గించండి. అది మీ వెనకాలే వస్తుంది.”

“నా వెనకాల ఎవరొచ్చారు గనక తల్లీ, ఇది రావడానికి!” అంది అమ్మమ్మ, కిటికీ పక్క కుర్చీలో ఉన్న కూతురి వైపు చూసి.

కూతురే ఇంకా మందుల మీద ఉంది. పొద్దున ఆమె చేత కూడా పాడించి చూశారు. గొంతు పెగల్లేదు. పెగిలిన కాస్తా వణికింది. పాప ఇంకా బిగుసుకుపోయింది.

“సాయంత్రం డాక్టరుగారు వచ్చి చూస్తారు,” అంది నర్సు. “కాస్త తెరిపిన పడితే పాపకు మందు తగ్గిస్తారు. ఇలాగే ఉంటే పెంచాల్సిందే.”

“ఇంత పసిగుడ్డుకి ఇంకా మందా?”



టీచరు ఒళ్ళోని గిటారు పక్కన పెట్టింది. “కడుపులో ఉండగా విన్న గొంతును పిల్లలు పోల్చుకుంటారమ్మా. తల్లి ప్రాణం కుదుటపడ్డ వేళల్లో విన్న గొంతైతే మరీను. ఆ నెలల్లో ఈమె దగ్గర ఎవరుండేవారు?”

అమ్మమ్మ తల దించుకుంది. ఏడాదిగా తల్లీకూతుళ్ళకు మాటల్లేవు. కూతురు ఎక్కడో గది తీసుకుని ఉంటోందని తెలుసు. కడుపుతో ఉందన్న సంగతి మాత్రం ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేస్తేనే తెలిసింది. బిడ్డ తండ్రెవరే అంటే ఇప్పటికీ నోరు విప్పదు.

తలుపు దగ్గర ఎవరో చిన్నగా దగ్గారు. పాతికేళ్ళవాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, చేతిలో పళ్ళ సంచీ.

“ఇంటివాళ్ళకు తప్ప లోపలికి లేదండీ,” నర్సు అడ్డుపడింది.

అతను కూతురి వైపు చూశాడు. కూతురి మొహంలో నెత్తురు చుక్క లేదు. చటుక్కున కిటికీ వైపు తిరిగిపోయింది.

అమ్మమ్మకు ఆ తిరగడమే చాలు.

“మావాడేనమ్మా, రానివ్వు,” అంది నర్సుతో.

అతను వచ్చి కూతురి కుర్చీ దగ్గర నిలబడ్డాడు. “ఒంట్లో ఎలా ఉంది? నిద్ర పడుతోందా?” అన్నాడు. తగ్గు స్వరం, మెత్తటి గొంతు.

పాప ఏడుపు తెగింది.

నలుగురూ ఒక్కసారే తొంగి చూశారు. “ఆపకండి, మాట్లాడండి!” అంది టీచరు.

“ఏం మాట్లాడమంటారు?”

“ఏదైనా సరే. పోనీ, నాతోపాటు కూనిరాగం తీయండి.”

అతను సిగ్గుపడుతూ స్టూలు మీద కూర్చుని, టీచరు చూపించిన స్వరాన్ని అందుకున్నాడు. చెవులు రిక్కించినట్టు పాప తల అటు తిరిగింది. గడ్డం వణకడం ఆగింది. బిగుసుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. నర్సు పాలసీసా అందిస్తే సగం దాకా తాగి, అలాగే నిద్రలోకి జారిపోయింది.

“ఎంత గడుగ్గాయే నువ్వు! ఇన్నాళ్ళూ మమ్మల్ని ఏడిపించి ఇతగాడికి లొంగావా!” అమ్మమ్మ అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

“ఆడపిల్ల కదండీ, అటే మొగ్గుతుంది,” అని నర్సు నవ్వింది.

“బాబూ, నువ్వు రోజూ రావాలి. నీకు దండం పెడతాను.”

“అయ్యో, దాందేముందండీ! వస్తాను. డిశ్చార్జి ఎప్పుడన్నారు?”

“ఇది కుదుటపడ్డాక. తల్లినీ పిల్లనూ మా ఇంటికే తీసుకుపోతాను. అక్కడికీ రా.” సందుల గుర్తులతో సహా ఇంటికి దారి చెప్పింది. అతను శ్రద్ధగా విని, మళ్ళీ అప్పజెప్పి, వెళ్ళిపోయాడు.

నర్సూ టీచరూ పక్క తొట్టె దగ్గరికి జరిగాక, అమ్మమ్మ పాపతోనే వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

“ఇంత నెమ్మదస్తుణ్ణి పట్టుకుని ఎందుకే దాచావు?”

“అతన్ని మళ్ళీ రానివ్వకమ్మా.”

“మొదలుపెట్టావూ నీ పంతం!”

“పంతం కాదు. అతను వస్తే నావల్ల కాదు.”

“మీ ఇద్దరికీ ఎక్కడ చెడిందో నేనడగను. దీని మొహం చూసైనా సర్దుకుపో. నువ్వూ నేనూ చేయలేంది అతను చేశాడు. కన్నతండ్రి గొంతంటే ఊరికే ఉంటుందా?”

“దీని తండ్రి కాదతను.”

“మరెవరే?”

కూతురు పాప కాళ్ళ మీద దుప్పటి సర్దింది.

“నాకు మాత్రలు అమ్మేవాడు.”