మాస్టారి కుడికాలు

“ఇంజన్ బ్రేకింగూ గీకింగూ మాకక్కర్లేదు,” అన్నాడు డ్రైవింగ్ మాస్టారు, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే. “ఆ రెండోది చూపించండి.”

సేల్స్‌మన్ ఆయన పక్కనున్న డాక్టరమ్మ వైపు చూశాడు. ఏటీవీ, అంటే గుట్టలెక్కే నాలుగు చక్రాల బండి, కావలసింది ఆవిడకి. మాస్టారి భార్య, పశువుల డాక్టరు. మందుల పెట్టె కట్టుకుని రోజూ గుట్టల మీది పాకలకు వెళ్ళిరావాలి. కిందటి వారం స్కూటరు మీద వాలు దిగుతూ పడింది. మోచేతి మీద ప్లాస్టరు ఇంకా అలాగే ఉంది.

షోరూంలో ఉన్నవి రెండే. ఒకే ఎత్తు, ఒకే లావు, రెండిటికీ వెనక ఇంకో మనిషి కూర్చునే సీటు. తేడా అల్లా వాలులో తెలుస్తుంది. మొదటిదానికి యాక్సిలరేటర్ వదిలితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. రెండోది వదిలితే జారుకుంటూ పోతుంది, మనమే బ్రేకు వేసుకోవాలి.

“వేసుకుంటే సరిపోతుందిగా,” అన్నాడు మాస్టారు. “బ్రేకన్నది కాలికి సంబంధించిన విద్య. ఇరవై ఏళ్ళుగా నేర్పుతున్నాను. మా కారులో కూడా నా వైపు ఓ పెడల్ పెట్టించుకున్నాను, డ్రైవింగ్ స్కూలు కారులో ఉన్నట్టు. ఈవిడ నడుపుతుంది, నేను పక్కన కూర్చుని కాపాడుతుంటాను. అదే లేకపోతే ఈపాటికి మూడు కరెంటు స్తంభాలు కూల్చేసేది.”

“నాలుగు,” అంది డాక్టరమ్మ శాంతంగా. “అయినా గుట్ట దిగేటప్పుడు మీరు నా వెనక ఉండరు కదండీ.”

“సెలవు రోజుల్లో ఉంటాను.”

“మిగతా రోజుల్లో?”

“నేను నేర్పింది గుర్తు తెచ్చుకో.”

సేల్స్‌మన్‌కి సంగతి అర్థమైపోయింది. మాస్టారు తల ఊపందే ఆ ఇంటికి చక్రమున్నదేదీ రాదు. మొగుడూ పెళ్ళాల మధ్య నలిగిపోవడం కంటే నడిపి చూడమనడమే మేలని రెండు బండ్లనూ షోరూం వెనకున్న మట్టిదిబ్బ మీదికి ఎక్కించాడు.

ముందు మాస్టారు మెచ్చిన బండి. డాక్టరమ్మ నడిపింది, మాస్టారు వెనక ఎక్కాడు. వాలులో యాక్సిలరేటర్ వదలగానే బండి రయ్యిమంది. మాస్టారి కుడికాలు అలవాటు కొద్దీ కింద ఉన్న రేకుని టపటపా తొక్కేసింది. పాత టైర్ల గుట్టకి జానెడు దూరంలో డాక్టరమ్మ చేతి బ్రేకు పట్టి ఆపింది.

“సమయానికి నొక్కాను కాబట్టి సరిపోయింది,” అన్నాడు మాస్టారు నుదుటి చెమట తుడుచుకుంటూ.

తరవాత ఆయన వద్దన్న బండి. ఈసారి యాక్సిలరేటర్ వదలగానే ఇంజన్ గుర్రుమని బండిని వెనక్కి పట్టుకుంది. మాస్టారు కాలు నొక్కాడు. బండి నింపాదిగా, పెళ్ళికి వచ్చిన పెద్దమనిషిలా దిగింది.

“చూశావా, నొక్కీ నొక్కకముందే ఎలా పట్టిందో,” అన్నాడు మాస్టారు పొంగిపోతూ. “నా కాలికి ఈ బండే కుదిరింది.”

“మీ కాలు కాదు సార్,” అన్నాడు సేల్స్‌మన్ ఉత్సాహంగా. “అది ఉత్త ఫుట్‌రెస్ట్. పట్టింది ఇంజన్.”

మాస్టారు కిందికి చూశాడు. “అంటే, వెనక నేను లేకపోయినా పడుతుందా?”

“ఎవరూ లేకపోయినా పడుతుంది సార్. దీని గొప్పతనమే అది.”

మాస్టారి ముఖం చిన్నబోయింది. మెల్లగా దిగి, ప్యాంటు దులుపుకున్నాడు. “అయితే వద్దు,” అన్నాడు.

సేల్స్‌మన్ నాలుక కరుచుకున్నాడు. ఇన్నేళ్ళుగా భార్యని కాపాడుతున్న మనిషిని ఒక్కమాటతో ఉద్యోగంలోంచి తీసేసినట్టయింది. బేరం పోతున్నందుకు బాధగానే ఉంది. ఆ మనిషిని చూస్తే అంతకన్నా జాలేసింది.

డాక్టరమ్మ మాత్రం మోచేతి ప్లాస్టరు అంచు అదుముకుంటూ, “ఏవండీ, వెనక మీకో పెడల్ బిగిస్తేనో?” అంది.

మాస్టారు తలెత్తాడు. “మన కారులో ఉన్నట్టా?”

“అచ్చం అలాగే.”

మాస్టారు బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. వెనక చక్రాన్ని కాలితో తన్ని చూశాడు. “అప్పుడైతే ఇంజన్ బ్రేకింగ్ ఉన్నా ఇబ్బంది లేదు. అది మొరాయిస్తే నేనుంటాను,” అని, ఇద్దరికీ హెల్మెట్లు ఏరడానికి ఠీవిగా లోపలికి వెళ్ళాడు.

సేల్స్‌మన్ తల పట్టుకున్నాడు. “మీరు మాటిచ్చేశారు గానీ మేడమ్, వెనక పెడల్‌ని బ్రేకుకి కలపడం మా వల్ల కాదు. కంపెనీ అస్సలు ఒప్పుకోదు.”

“కలపమని ఎవరన్నారు?” అంది డాక్టరమ్మ గొంతు తగ్గించి. “కింద ఓ గట్టి స్ప్రింగు పెట్టండి, కాలికి తగిలితే చాలు. మా కారులో ఉన్నదీ స్ప్రింగే. పదేళ్ళుగా ఆయన నొక్కినప్పుడల్లా ఆయనకి తెలియకుండా నేనే బ్రేకు వేసి వేసి చస్తున్నాను, ఇక ఆ పని మీ ఇంజన్ చూసుకుంటుంది.”